పొగగదిని ఊడ్చేవాడి సంగతి: తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది, మొత్తం 60 మంది ఉన్నారు. ఈ లేఖ మీ అరవై మందికీ. మీది ఏ పార్టీ అయినా నాకు ఒకటే. నేను అడగబోయేది మూసిన గదుల్లో ఇతరుల పొగ పీలుస్తూ పనిచేసేవారి గురించి, హోటళ్లలో పొగ తాగేందుకు చట్టం వదిలిన పొగగదుల గురించి. ఆ సంగతి ఏ పార్టీ ఎన్నికల కరపత్రంలోనూ నాకు కనిపించలేదు.

2001 నుంచి 2012 దాకా నేను విజయవాడలో ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో సర్వర్‌గా పనిచేశాను. ఇప్పుడు మంగళగిరిలో ఇరవై కుర్చీల టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. సిగరెట్టు గానీ బీడీ గానీ ఎన్నడూ నా నోట పెట్టుకోలేదు. ఇతరుల నోట ఉన్నవి మాత్రం కొన్ని వేలు వెలిగించి ఉంటాను. సర్వర్ జేబులో లైటర్ ఎప్పుడూ ఉండాలన్నది మా మేనేజరు పెట్టిన నియమం. కస్టమరు సిగరెట్టు పెట్టె తీయడం చూసి, అతడు జేబులు తడుముకునేలోపు వంగి వెలిగిస్తే టిప్పు బాగా వచ్చేది. ఆ టిప్పులతోనే చెల్లెలి పెళ్లి అప్పు తీర్చాను కనుక, పొగ తాగేవారి మీద నాకు పగ ఉందని దయచేసి అనుకోకండి.

మాది ఏసీ హాలు. పద్నాలుగు టేబుళ్లు, మూసిన తలుపులు, కిటికీలకు మందపాటి తెరలు. ఏసీ ఉంది కాబట్టి గాలి మారుతూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. గోడకు తగిలించే ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలోని గాలినే లాక్కుని, చల్లబరిచి, తిరిగి ఆ గదిలోకే వదులుతుంది. రాత్రి తొమ్మిది దాటేసరికి ట్యూబులైట్ల కింద పొగ పొరలు పొరలుగా నిలబడేది. ఫ్యాను వేస్తే ఆ పొర విరిగి మొహాల మీదికి దిగుతుందని ఫ్యాన్లు కూడా వేయనిచ్చేవారు కాదు. పది, పదకొండు మధ్య కళ్లు మండిపోయేవి. వంటగదిలో ఉల్లిపాయలు తరిగే కుర్రవాడికి కూడా కళ్లు మండుతాయి, కానీ అతడు మధ్యలో కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కోగలడు. హాలు వదిలి వెళ్లే వీలు మాకు లేదు.

అందరూ వెళ్లాక ఆష్‌ట్రేలు ఖాళీ చేయడం మా వంతు. పొడిగా ఎత్తితే బూడిద లేస్తుంది. అందుకని ఒక్కొక్కదానిలో చెంచాడు నీళ్లు పోసి, నానాక పాత పేపర్లోకి దులిపేవాళ్లం. నానిన సిగరెట్టు పీకల వాసన ఎలా ఉంటుందో మీలో ఎవరికైనా తెలుసో లేదో. ఇంటికి వెళ్లాక చొక్కా బయటి దండెం మీద వేస్తేనే మా అమ్మ కంచం పెట్టేది.

మాలో అందరికంటే పెద్దవాడిని బాబాయ్ అని పిలిచేవాళ్లం. ఇరవై రెండేళ్లు అదే హాలులో తిరిగిన మనిషి. మందు ముట్టడు, సిగరెట్టు ముట్టడు, శనివారం ఒక్కపొద్దు. ఒక వానాకాలం దగ్గు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఆసుపత్రికి తోడు నేనే వెళ్లాను. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష చేయించి, కాగితం చూసి, డాక్టరుగారు అడిగారు: "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావు?"

"తాగనండి, పోస్తాను" అన్నాడు బాబాయ్ చేతులు కట్టుకుని.

డాక్టరుగారు నవ్వారు, నేనూ నవ్వాను. "మందు కాదయ్యా, సిగరెట్ల సంగతి."

"అవీ తాగనండి, వెలిగిస్తాను."

రెండోసారి ఎవరం నవ్వలేదు.

బాబాయ్ ఊపిరి చెడిపోవడానికి ఆ హాలే కారణమని నేను రుజువు చేయలేను. ఆయన చిన్నతనంలో ఇంట్లో పిడకల పొయ్యి ఉండేది. బెజవాడ రోడ్ల దుమ్ము ఉంది. ఒక్క మనిషిని నిలబెట్టి ఇతని జబ్బు ఫలానావారి పొగ వల్లే వచ్చిందని ఏ డాక్టరూ చెప్పలేరు. సిగరెట్టు కంపెనీలు ఇన్నేళ్లూ నిలబడింది ఈ వాదన మీదే.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. తెలుగులో నీళ్లు తాగుతాం, మందు తాగుతాం, పొగ కూడా తాగుతాం. తాగడం అంటే మనిషి తనంతట తాను చేసే పని. పక్కవాడి పొగ పీల్చాల్సి రావడాన్ని పత్రికల్లో "పరోక్ష ధూమపానం" అని రాస్తున్నారు. పానం చేసింది ఎవరు? ఉయ్యాలలోని బిడ్డ పరోక్షంగా ధూమపానం చేసిందనడం వింతగా లేదూ? మా హాలులో అయితే దానికి పేరే లేదు. వాన ఎక్కువైంది అన్నట్టుగా "ఇవాళ పొగ ఎక్కువైంది" అనుకుని ఊరుకునేవాళ్లం.

ఆ పొగలో ఏముందో బార్ వదిలేశాకే చదివి తెలుసుకున్నాను. సిగరెట్టు నుంచి వచ్చే పొగ రెండు రకాలు. తాగేవాడు లోపలికి లాగి వదిలేది ఒకటి. దమ్ముకూ దమ్ముకూ మధ్య, వేళ్ల సందునో ఆష్‌ట్రే అంచునో ఉన్నప్పుడు కొన నుంచి తనంతట లేచేది రెండోది. గదిలో పేరుకునేది చాలావరకు ఈ రెండోదే. దమ్ము లాగినప్పుడు నిప్పు బాగా రాజుకుంటుంది. ఊరికే ఉన్నప్పుడు తక్కువ వేడి మీద అరకొరగా కాలుతుంది, పైగా ఆ పొగ ఫిల్టరు గుండా రాదు. అందుకని గ్రాముకు గ్రాము తూచి చూస్తే కార్బన్ మోనాక్సైడ్, అమ్మోనియా, క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు వంటివి ఈ పొగలోనే ఎక్కువ. గాలిలో కలిసి పలచబడుతుంది, కాదనను. తెరలు దించిన హాలులో ఎంత పలచబడుతుందో నా కళ్లకు తెలుసు.

దీనిమీద వాదం 1981లో ముదిరింది. తకేషి హిరయామా అనే జపాన్ శాస్త్రవేత్త, తాము పొగ తాగని 91,540 మంది భార్యలను 14 ఏళ్లు గమనించి, భర్త తాగే సిగరెట్లు పెరిగేకొద్దీ భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతోందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. ఆయన లెక్కలు తప్పని పొగాకు పరిశ్రమ పెద్ద ఎత్తున ప్రచారం చేసింది. 2003లో అదే పత్రికలో ఎన్‌స్ట్రోమ్, కబాట్ అనే ఇద్దరు, కాలిఫోర్నియా ప్రజల దశాబ్దాల వివరాలతో, అలాంటి సంబంధం తమకు కనబడలేదని రాశారు. పొగగదులు ఉండాలనేవారు ఇప్పటికీ చూపించేది ఆ వ్యాసాన్నే. దాన్ని పరిశ్రమ డబ్బుతో రాసిందని ఒక్క మాటతో కొట్టేసేవారున్నారు. ఖర్చులో కొంత ఆ డబ్బే, నిజం. అయితే నాకు అంతకన్నా పెద్ద లోపం వేరే కనిపించింది. వారు ప్రధానంగా చూసింది ఇంట్లో భార్యో భర్తో పొగ తాగుతారా లేదా అని. 1960ల అమెరికాలో ఆఫీసులో, బస్సులో, విమానంలో ఎక్కడ చూసినా పొగే. ఇంట్లో పొగ లేదని పక్కన పెట్టినవారికీ బయట అది సోకుతూనే ఉంది. వానలో ఉన్న ఇద్దరిలో ఒకరి నెత్తిన మరో చెంబెడు నీళ్లు పోసి, ఇద్దరి బట్టలూ ఒకేలా తడిశాయి కాబట్టి నీళ్లకు బట్టలు తడవవని తేల్చినట్టుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వెలువరించిన సంపుటంలో, ఇతరుల పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించేదిగా నిర్ధారించింది. 2006లో అమెరికా ప్రభుత్వం తరఫున ప్రజారోగ్యంపై మాట్లాడే పెద్ద వైద్యాధికారి, అంటే సర్జన్ జనరల్, ఇచ్చిన నివేదిక, ఈ పొగకు హాని లేని మోతాదంటూ లేదని, గదులు వేరు చేసినా గాలిని శుద్ధి చేసినా దాన్ని పూర్తిగా ఆపలేమని చెప్పింది. ఏసీలు, గాలిమార్పిడి యంత్రాల ఇంజినీర్ల అమెరికా సంఘం కూడా భవనంలో అసలు కాల్చనివ్వకపోవడమే దారి అని ఒప్పుకుంది. యంత్రాలు అమ్ముకునేవారి మాట కాబట్టి నాకు దానిమీద మరింత గురి. అదే 2006 ఆగస్టులో అక్కడి ఫెడరల్ న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్, సిగరెట్టు కంపెనీలు ఇతర విషయాలతోపాటు ఈ పొగ విషయంలోనూ ప్రజలను మోసగించాయని సుదీర్ఘమైన తీర్పు రాశారు.

అంకెలను పెంచి చెప్పడం నాకు ఇష్టం లేదు. పొగ తాగేవారితో కలిసి ఉండేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం, గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుందని ఆ సర్జన్ జనరల్ లెక్క. పొగ తాగనివారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావడమే అరుదు. అరుదైనదానికి ఇంకో పావు వంతు చేరినా ఒక మనిషి వరకు అది చిన్న సంఖ్యే. కానీ గుండెజబ్బు అరుదు కాదు కదా. మన వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా దాని కథ ఒకటి వినిపిస్తుంది. అంత మామూలు జబ్బుకు పావు వంతు చేరితే ఎన్ని ఇళ్లు అవుతాయో మీరే లెక్క వేసుకోండి. ఇతరుల పొగ వల్ల ఏటా పది లక్షలకు పైగా పొగ తాగనివారు చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇక మన చట్టం దగ్గరికి వస్తాను.

సుప్రీంకోర్టు 2001 నవంబరులో, మురళీ దేవరా వేసిన పిటిషన్‌పై, ఆసుపత్రులు, కోర్టులు, బడులు, బస్సులు, రైళ్లు వంటి చోట్ల పొగ తాగనివ్వరాదని ఆదేశించింది. పొగ తాగని మనిషి బతికే హక్కు దానికి ఆధారం. 2003లో మీ సభే సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. దాని కింద 2008లో కొత్త నిబంధనలు వచ్చి బార్లను, పబ్బులను, పనిచేసే చోట్లన్నిటినీ బహిరంగ స్థలాల్లో చేర్చాయి. అవి అమలులోకి వచ్చింది అక్టోబరు 2న. గాంధీ జయంతి, బార్లకు సెలవు. దేశమంతటా పొగ ఆగాల్సిన ఆ రోజున మా హాలులో నిజంగానే పొగ లేదు. తాళం వేసి ఉంది.

మర్నాడు మేనేజరు ఆష్‌ట్రేలన్నీ అట్టపెట్టెకెత్తించి అటక మీద పెట్టించాడు. పొగ నిషేధించిన చోట ఆష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ ఏవీ ఇవ్వకూడదని నిబంధన. నా జేబులోని లైటర్ కూడా తీసేసుకున్నాడు. కస్టమర్లు గొణిగారు, కానీ లేచి మెట్ల దగ్గరికి వెళ్లి తాగి వచ్చారు. ఒక్కరు కూడా ఆ కారణంగా రావడం మానలేదు. పదకొండేళ్లలో నా కళ్లు మండనివి ఆ పది పన్నెండు రోజులే. తరువాత ఒక రాత్రి ఒక పెద్దమనిషి కుర్చీ దిగనన్నాడు. ఆయనకు కోపం వస్తే మా యజమానికి నిద్రపట్టదు. మేనేజరు కాసేపు నిలబడి ఆలోచించి, ఒక టీ సాసరులో తడి టిష్యూ కాగితం మడిచి పెట్టించి పంపాడు. చట్టం ఆష్‌ట్రేను వద్దంది గానీ సాసరును వద్దనలేదు కదా! దీపావళి నాటికి పద్నాలుగు టేబుళ్ల మీదా సాసర్లు వచ్చేశాయి.

గోడ మీద మాత్రం బోర్డు ఉండేది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, నిబంధనల్లో చెప్పిన కొలతకు సరిగ్గా. ఎవరికి ఫిర్యాదు చేయాలో వారి పేరు కూడా జనానికి కనబడేలా రాయాలి. మా బోర్డు మీద ఆ చోటు ఖాళీ. ఒకరోజు బాబాయ్ సరదాకి చాక్‌పీసుతో అక్కడ తన పేరు రాశాడు. సాయంత్రం హాలు తెరిచేలోపు మేనేజరు తుడిపించాడు. ఆ తరువాత నేను పనిచేసిన మూడున్నరేళ్లలో జరిమానా రాయడానికి ఒక్క అధికారీ మా మెట్లెక్కలేదు. ఎక్కినా రాసేది 200 రూపాయలు మించదు. 2003లోనూ 200, ఇప్పుడూ 200. పేరున్న కింగ్ సైజు సిగరెట్లు ఇరవై ఉన్న పెట్టె ఒకటి కొనాలంటే ఇవాళ ఆ డబ్బు చాలదు.

ఇవన్నీ అమలులోని లోపాలని, కింది ఉద్యోగుల తప్పని మీరు అనవచ్చు. కానీ నాలుగో సెక్షన్‌లో మీరే వదిలిన సందు ఒకటి ఉంది. బహిరంగ స్థలంలో ఎవరూ పొగ తాగరాదని మొదటి వాక్యం. వెంటనే దాని కిందే మినహాయింపు: 30 గదులున్న హోటలుకూ, 30 మంది కూర్చునే రెస్టారెంటుకూ, విమానాశ్రయానికీ పొగ తాగేందుకు వేరే చోటు పెట్టుకునే వీలు. ఆ చోటు ఎలా ఉండాలో నిబంధనలు వివరంగా చెప్పాయి. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు, తనంతట మూసుకునే తలుపు, పొగ నేరుగా బయటికి పోయే ఏర్పాటు. 2017లో ఇంకో మాట చేర్చారు, ఆ గదిలో ఎలాంటి సేవా అందించకూడదని. హుక్కా కేంద్రాలను దృష్టిలో పెట్టుకుని చేసిన మార్పు అది. సర్వర్ కూడా ఆ గదిలో అడుగు పెట్టడు కాబట్టి ఇక ఎవరికీ బాధ లేదని చట్టం రాసినవారు అనుకుని ఉంటారు.

మరి ఆ గదిని ఊడ్చేది ఎవరు? పీకలతో నిండిన ఇసుక డబ్బా మార్చేది ఎవరు? అద్దాల మీద పట్టిన పసుపు జిడ్డును తుడిచేది ఎవరు? ఊడవడం సేవ కిందికి రాదా? విమానాశ్రయాల్లో ఆ గాజుగదులను చూసే ఉంటారు. తలుపు తనంతట మూసుకున్నప్పుడు చీపురు పట్టుకున్న కుర్రవాడు లోపలే ఉంటాడు. మీ చట్టం పొగ తాగే అతిథి గురించి ఆలోచించింది, పొగ గిట్టని అతిథి గురించీ ఆలోచించింది. మూడోవాడు ఒకడున్నాడని దానికి తట్టలేదు. ఈ వాదమంతా మొదటి నుంచీ అలాగే నడిచింది, డబ్బిచ్చే ఇద్దరు మనుషుల మధ్య ఎవరి హక్కు ఎక్కువ అని.

మన దేశంలో పెద్దల పొగాకు వాడకంపై కేంద్రం చేయించిన రెండు సర్వేలు నాకు కనువిప్పు. 2009-10లో ఇంట్లో ఇతరుల పొగ సోకేవారు 52 శాతానికి పైగా ఉన్నారు. 2016-17 నాటికి అది 38.7 శాతానికి దిగింది. ఏడేళ్లలో చాలా పెద్ద మార్పే. అది చట్టం వల్ల కాలేదు, ఇళ్లలోకి చట్టం వెళ్లదు. ఇల్లాళ్లు, పిల్లలు "బయటికి వెళ్లి తాగు" అనగలిగారు. ఇక నాలుగు గోడల మధ్య పనిచేసేవారికి పనిచోట పొగ సోకడం చూడండి. 2009-10లో 29.9 శాతం, 2016-17లో 30.2 శాతం. చట్టం అడుగుపెట్టని ఇంట్లో పొగ తగ్గింది, చట్టం ఉన్న పనిచోట అంగుళం కదల్లేదు. ఇంట్లో మొగుణ్ణి బయటికి పొమ్మన్నంత తేలికగా పనిలో కస్టమర్ని ఎవరు పొమ్మంటారు? నేను అనలేదు. వంగి వెలిగించాను.

ఐర్లండ్ ఈ ముడిని వేరే వైపు నుంచి విప్పింది. 2004 మార్చి 29న పబ్బులతో సహా పనిచోట్లన్నిటిలో పొగ నిషేధించిన మొదటి దేశం అది. తాగుబోతుల దేశమని పేరు, వర్షం, చలి, పబ్బు లేనిదే పూట గడవదు. అప్పటి ఆరోగ్య మంత్రి మీహాల్ మార్టిన్ దాన్ని పొగ తాగేవారిని బాగుచేసే పనిగా కాక, కార్మికుల భద్రత చట్టంగా తెచ్చాడు. ఫ్యాక్టరీలో కార్మికుడికి విషవాయువు సోకకూడదన్నట్టే, బార్ కౌంటర్ వెనుక ఉన్నవాడికీ సోకకూడదని. డబ్లిన్‌లోని 42 పబ్బుల్లో గాలిని నిషేధానికి ముందూ తరువాతా కొలిస్తే ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నని ధూళి 83 శాతం తగ్గింది. బార్ పనివారి ఊపిరి పరీక్షలు కూడా మెరుగుపడ్డాయి. ఆ పరీక్ష కాగితం గురించి చదివినప్పుడు నాకు గొట్టంలోకి ఊదుతున్న బాబాయ్ గుర్తొచ్చాడు.

కెనడాలో హెదర్ క్రో అని ఒక వెయిట్రెస్ ఉండేది. నలభై ఏళ్లు వడ్డించింది, ఒక్కరోజూ పొగ తాగలేదు. 2002లో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అది పనిచోట పొగ వల్ల వచ్చిన జబ్బేనని ఆంటారియో కార్మిక పరిహార సంస్థ ఒప్పుకుంది. మిగిలిన రోజులు ఆమె దేశమంతా తిరిగి ఇదే సంగతి చెప్పింది. ఆంటారియోలో పొగరహిత చట్టం 2006 మే 31న అమలులోకి వచ్చింది. అప్పటికి ఆమె పోయి తొమ్మిది రోజులు. మన దేశంలో ఒక బార్ సర్వర్ అలాంటి దరఖాస్తు పెట్టాలంటే ముందు తాను అక్కడ పనిచేసినట్టు కాగితం చూపాలి. మాలో సగం మందికి హాజరు పట్టీలో పేరే లేదు.

మీకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది రైతులు. పొగాకు బోర్డు గుంటూరులో ఉంది, మీలో కొందరు పొగాకు రైతుల ఓట్లతో గెలిచారు. మా మేనమామది కందుకూరు వైపు, పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఒకదానిలో సగం వాటా ఉంది. హోటళ్లలో పొగగదులు తీసేస్తే మీ ఆకు ధర పడిపోతుందా అని ఆయన్నే అడిగాను. "మా ఆకు చాలావరకు ఓడెక్కిపోతుందిరా, మీ బార్‌లో కాలేది ఎంత?" అన్నాడు. 2025లో నల్ల బర్లీ రకం పొగాకు కొనే నాథుడు లేక రైతులు రోడ్డెక్కితే రాష్ట్ర ప్రభుత్వమే కొనుగోలుకు దిగాల్సి వచ్చింది. ఆ ఏడు రైతును ముంచింది పొగ నిషేధం కాదు, ఎక్కువ సాగు, కొంటామని చెప్పి చేతులెత్తేసిన కంపెనీలు. పొగాకు రైతుకు చేయాల్సింది చాలా ఉంది, దానికి ఇంకో లేఖ రాయాలి. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల పేరు కూడా ఈ చర్చలో చెబుతుంటారు. వారు చుట్టిన బీడీ స్టార్ హోటల్ పొగగదిలో కాలదు లెండి.

రెండోది వ్యాపారం. 2008 అక్టోబరులోని ఆ పన్నెండు రోజుల లెక్క మా కౌంటర్ పుస్తకంలో ఉంది, ఒక్క కస్టమరూ తగ్గలేదు. ఒక్క బార్ లెక్కే అనుకోండి. అయినా నేను చూసినది అదే.

మూడోది స్వేచ్ఛ. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. నా హోటల్ లోపల ఎవరూ కాల్చరు. ముప్పై కుర్చీలు లేవు కనుక పొగగది గొడవే లేదు. కానీ గుమ్మం బయట, పక్క బడ్డీకొట్టులో విడి సిగరెట్టు కొనుక్కుని, నా టీ చేత్తో పట్టుకుని, రోజుకు వందమంది నిలబడతారు. వారిని పొమ్మంటే నా టీ అమ్ముడుపోదు. మా టీ మాస్టరే వారిలో ఒకడు. ఆరుబయట నిలబడి కాల్చుకునే మనిషితో నాకు పేచీ లేదు. కాల్చడానికి అతనికి చోటు ఉంది. మూసిన గదిలో జీతం కోసం నిలబడినవాడికి పోవడానికి చోటు లేదు.

2020లో కేంద్ర ఆరోగ్య శాఖ సవరణ బిల్లు ముసాయిదా ఒకటి తయారుచేసి, 2021 జనవరిలో జనం అభిప్రాయాలు అడిగింది. హోటళ్లు, రెస్టారెంట్లలో పొగగదుల మినహాయింపు తీసేయాలని, జరిమానా పెంచాలని అందులో ఉంది. అప్పట్లో నేనూ ఒక అభిప్రాయం పంపాను, నోటుపుస్తకం కాగితం మీద. ఈలోగా కర్ణాటక ఊరుకోలేదు. 2024లో తన వరకు చట్టాన్ని సవరించుకుని జరిమానాను 1,000 రూపాయలు చేసింది, సిగరెట్లు కొనే కనీస వయసును 21కి పెంచింది. తెలంగాణ శాసనసభ కూడా అదే ఏడాది ఫిబ్రవరిలో ఇదే కేంద్ర చట్టాన్ని సవరించి హుక్కా కేంద్రాలను మూయించింది. అంటే చేయదలచుకుంటే దారి ఉంది. అదే తెలంగాణలో వైన్ షాపులకు అంటుకున్న పర్మిట్ రూముల్లో మధ్యాహ్నం నుంచే పొగ కమ్ముకుని ఉంటుంది. అక్కడ గ్లాసులు ఏరే పిల్లవాడు కూడా పనివాడే, అదీ పనిచోటే. హుక్కా కనబడిన సభకు అతడు ఎందుకు కనబడలేదో ఆ సభ్యులను మీరే అడగాలి, మీ పార్టీలవారే కదా.

మీ అరవై మందిలో ఒక్కరు నాలుగో సెక్షన్ కింది మినహాయింపును కొట్టివేయమని ప్రైవేటు బిల్లు పెట్టినా, ప్రశ్నోత్తరాల సమయంలో ఆ ముసాయిదా ఎక్కడుందని అడిగినా నాకు సంతోషమే. కొట్టివేసేటప్పుడు కారణం కింద "అక్కడ పనిచేసేవారి ఊపిరి కోసం" అని రాయించండి. అతిథుల సౌకర్యం కోసం అని రాస్తే మళ్లీ ఎవరో ఒక సాసరు కనిపెడతారు.

బాబాయ్ ఇప్పుడు నా హోటల్లో గల్లా దగ్గర కూర్చుంటున్నాడు. మెట్లెక్కలేడు కనుక గల్లాను గుమ్మం పక్కకు జరిపాం. మా గోడ మీద బోర్డు ఉంది, 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు. ఫిర్యాదు ఎవరికి చేయాలో రాసేచోట ఆయన పేరు ఉంది. ఈసారి పెయింటుతో రాయించాను.

ఇట్లు,
ఒకప్పటి బార్ సర్వర్,
మంగళగిరి